నో లైఫ్ టిల్ లెదర్

నో లైఫ్ టిల్ లెదర్ అనునది అమెరికాకు చెందిన మెటాలికా అనే హెవీ మెటల్ రాక్ బృందం 1982లో రికార్డు చేసిన డెమో క్యాసెట్టు. డెమో అనగా అమ్మకం కొరకు కాక, తమ పాటలు ఎలా ఉంటాయో రికార్డు కంపెనీలకు, కచేరీ నిర్వాహకులకు వినిపించడానికి తక్కువ ఖర్చుతో చేసుకునే నమూనా రికార్డింగు. ఇందులోని ఏడు పాటలూ మరుసటి సంవత్సరం వెలువడిన బృందపు తొలి ఆల్బమ్ కిల్ ఎమ్ ఆల్‌లో తిరిగి చోటు చేసుకున్నాయి. అయితే డెమోలో వాయించిన నలుగురిలో ఇద్దరే ఆల్బమ్ నాటికి బృందంలో మిగిలారు. ఈ పాటలు ఎవరివన్న తగవు అప్పటి నుండే మొదలైనది. మొదటి పాటలోని తొలి పాదమే క్యాసెట్టుకు పేరు అయినది.

నేపథ్యం

డెన్మార్కు నుండి కాలిఫోర్నియాకు వచ్చి స్థిరపడిన డ్రమ్స్ వాద్యకారుడు లార్స్ ఉల్రిక్, గాయకుడు మరియు గిటారు వాద్యకారుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ 1981లో ఒక పత్రికా ప్రకటన ద్వారా పరిచయమయ్యారు. అదే సంవత్సరం బృందం ఏర్పడింది. 1982లో బ్రయాన్ స్లాగెల్ వెలువరించిన మెటల్ మసాకర్ అనే సంకలనంలో వీరి హిట్ ది లైట్స్ పాట వచ్చింది. దాని తొలి ముద్రణలో బృందం పేరే తప్పుగా అచ్చయింది. ఆ నాటికి డేవ్ ముస్టెయిన్ లీడ్ గిటారు వాద్యకారుడిగా, హెట్‌ఫీల్డ్ చిన్ననాటి స్నేహితుడు రాన్ మెక్‌గవ్నీ బేస్ గిటారు వాద్యకారుడిగా చేరారు. సాధన అంతా మెక్‌గవ్నీ ఉంటున్న ఇంటి గ్యారేజీలోనే జరిగేది.

రికార్డింగు

1982 జూలై 6న కాలిఫోర్నియాలోని టస్టిన్ పట్టణంలో షాటో ఈస్ట్ అనే స్టూడియోలో ఈ రికార్డింగు జరిగినది. పంక్ సంగీతపు రికార్డులు తెచ్చే ఒక లేబుల్ వారు చిన్న రికార్డు కొరకు స్టూడియో ఖర్చు భరించారనీ, తీరా విన్న తరువాత ఇది పంక్ కాదని వదులుకున్నారనీ, అలా టేపు బృందం చేతిలోనే మిగిలిపోయిందనీ చెబుతారు.

హిట్ ది లైట్స్, ది మెకానిక్స్, మోటార్‌బ్రెత్, సీక్ అండ్ డిస్ట్రాయ్, మెటల్ మిలీషియా, జంప్ ఇన్ ది ఫైర్, ఫాంటమ్ లార్డ్ అనే వరుసలో పాటలు ఉన్నాయి. బ్రిటన్‌లో అంతకు కొద్ది కాలం ముందు వెలసిన కొత్త తరం హెవీ మెటల్ బృందాల ప్రభావం, ముఖ్యంగా డైమండ్ హెడ్ ప్రభావం, వీటిలో స్పష్టంగా వినిపిస్తుంది. తరువాతి కాలపు హెట్‌ఫీల్డ్ గర్జనకు అలవాటు పడిన శ్రోతకు ఈ టేపులోని పలుచని, ప్రతిధ్వని కలిపిన గొంతు వేరొకరిదేమో అనిపిస్తుంది. వేగం మాత్రం అప్పటికే వీరి సొంతం.

క్యాసెట్టు ప్రయాణం

ఈ డెమోను ఏ కంపెనీ కూడా దుకాణాలకు పంపలేదు. ఆ రోజులలో హెవీ మెటల్ అభిమానులు దేశదేశాల నుండి ఉత్తరాల ద్వారా క్యాసెట్టులు ఇచ్చిపుచ్చుకునేవారు. ఉల్రిక్ స్వయంగా అటువంటి సేకరణకర్త. నకళ్ళు తీసి ఆ వలయంలోకి వదలగా, అందుకున్న వారు మరికొన్ని నకళ్ళు తీసి పంపేవారు. నకలుకు నకలు తీసిన కొద్దీ హోరు పెరిగి సంగీతం మసకబారుతుంది. అయినా కొద్ది నెలలలోనే, ఆల్బమ్ అనేదే లేని ఈ బృందం పేరు అమెరికా రెండు తీరాలలోనూ, ఐరోపాలోనూ వినబడసాగింది. ఇదే బృందం 2000లో ఇంటర్నెట్‌లో పాటల నకళ్ళ పంపిణీకి తోడ్పడిన నాప్‌స్టర్ సంస్థపై దావా వేసినప్పుడు విమర్శకులకు ఈ టేపు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. కాకపోతే 1982లో పంచినది తమ పాటలను తామే. 2000లో గొడవ అనుమతి లేకుండా బయటకు పొక్కిన పాటతో మొదలైనది.

అలా తిరుగుతూ టేపు న్యూజెర్సీలో రికార్డుల దుకాణం నడిపే జాన్ జజూలాకు చేరింది. ఆయన బృందానికి 1500 డాలర్లు పంపి తూర్పు తీరానికి రప్పించారు. వీరి ఆల్బమ్ తెచ్చేందుకు కంపెనీలు ముందుకు రాకపోవడంతో జాన్, ఆయన భార్య మార్షా కలిసి మెగాఫోర్స్ అనే సంస్థను తామే స్థాపించారు.

సభ్యుల మార్పులు

1982 డిసెంబరులో మెక్‌గవ్నీ వైదొలగగా, ఆయన స్థానంలో క్లిఫ్ బర్టన్ వచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి మకాం మారిస్తేనే చేరతానన్నది బర్టన్ షరతు. బృందం అంగీకరించింది. 1983 ఏప్రిల్ 11న, ఆల్బమ్ రికార్డింగుకు నెల ముందు, మద్యపానం, దురుసు ప్రవర్తన కారణాలుగా ముస్టెయిన్‌ను తొలగించి న్యూయార్క్ నుండి బస్సులో ఇంటికి పంపివేశారు. ఎక్సోడస్ బృందం నుండి కిర్క్ హామెట్ ఆ స్థానంలోకి వచ్చారు. 1983 జూలై 25న విడుదలైన కిల్ ఎమ్ ఆల్‌లో డెమో పాటలు ఏడింటికి తోడు కొత్తవి మూడు మాత్రమే ఉన్నాయి.

రచయితల వివాదం

మనిషి వెళ్ళినా పాటలు ఉండిపోయాయి. ఆల్బమ్‌లో నాలుగు పాటలకు హెట్‌ఫీల్డ్, ఉల్రిక్‌లతో పాటు ముస్టెయిన్ పేరు కూడా రచయితగా ఉన్నది. వాటిలో ది మెకానిక్స్ కథ ప్రత్యేకమైనది. ఇది ముస్టెయిన్ తన పూర్వపు బృందం నుండి వెంట తెచ్చుకున్న పాట. కారు మరమ్మత్తు మాటలతో సాగే ద్వంద్వార్థ శృంగార గీతం. దాని సాహిత్యాన్ని హెట్‌ఫీల్డ్ పూర్తిగా మార్చి, బైబిల్ చివరి గ్రంథంలోని నలుగురు అశ్వికులపై ది ఫోర్ హార్స్‌మెన్‌గా వ్రాశారు. మధ్యలో నెమ్మదైన భాగం చేరి నిడివి ఏడు నిమిషాలు దాటింది. ముస్టెయిన్ తాను నెలకొల్పిన మెగాడెత్ బృందపు తొలి ఆల్బమ్‌లో (1985) పాత పాటనే పాత మాటలతో, ఇంకా వేగంగా, మెకానిక్స్ పేరున వినిపించారు. ఒకే డెమో పాట రెండు బృందాల తొలి ఆల్బమ్‌లలో రెండు రూపాలలో ఉండటం అరుదు. డెమో విన్నవారికి ఆ రెండింటి మూలం ఒకేచోట దొరుకుతుంది.

2011 డిసెంబరు 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో మెటాలికా 30వ వార్షికోత్సవ కచేరీకి ముస్టెయిన్, మెక్‌గవ్నీ ఇద్దరూ అతిథులుగా వచ్చి డెమో కాలపు పాటలు కొన్నింటిని పాత మిత్రులతో వాయించారు.

పునర్ముద్రణ

2015 ఏప్రిల్ 18న రికార్డ్ స్టోర్ డే సందర్భంగా డెమోను మెటాలికా సొంత సంస్థ బ్లాకెండ్ రికార్డింగ్స్ పరిమిత సంఖ్యలో క్యాసెట్టుగానే విడుదల చేసింది. పైముఖంపై ఉల్రిక్ నాటి చేతివ్రాతనే ముద్రించారు. అదే సంవత్సరం మరిన్ని పాటలతో విస్తృత ముద్రణ వస్తుందని ప్రకటించినా అది అమలు కాలేదు. పూర్తిగా తాను వ్రాసిన రెండు పాటలలో ఉల్రిక్ రచనా భాగం కోరడమే అందుకు కారణమని ముస్టెయిన్ తరువాత తెలిపారు.