నాటి మల్లులు, నేటి క్రీడాకారులు

అనంతపురము పీఠభూమిపై బత్తలపల్లె ఒక మెట్టసీమ గ్రామము. సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడవలసిన సీమ అది. ఆ కొద్దిపాటి వానయు ఒక యేడు కురిసి, మరొక యేడు మొగము చాటు చేయును. పల్లెవారి మాటలను ధ్వనిముద్రణ చేయుటకై మేమొకనాటి సాయంకాలము అచ్చటికి పోయితిమి. రచ్చబండపై ఒక తాతయు, ఆయన మనుమడును వాదించుకొనుచుండిరి. మనుమడు అనంతపురమునకు పోయి ఆటలలో శిక్షణ పొందవలెనని పట్టుపట్టినాడు. తాతకది నచ్చలేదు.

“కోడి రామ్మూర్తి రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్న్యాడంట. అట్లాటి మనుషులు ఇప్పుడు యాడుండారు? మీరు ఆడేదీ ఒక ఆటేనా?” అని తాత.

“నువ్వు చూసినావా తాతా? మల్లీశ్వరి ఎంత ఎత్తిందో లెక్కుంది. ఆయనది యాడుంది లెక్క?” అని మనుమడు.

ఇది రచ్చబండ తగవే గాని, తేలికైన ప్రశ్న కాదు. నాటివారు గొప్పవారా, నేటివారు గొప్పవారా అని నిర్ణయించుటకు ముందు, మన చేతిలోనున్న త్రాసు ఎట్టిదో చూచుకొనవలెను. శ్రోతలతో గూడి మేము నేడు చేయదలచినది ఆ పనియే.

కోడి రామ్మూర్తి నాయుడు ఉత్తరాంధ్రలోని వీరఘట్టమున 1882లో జన్మించి, 1942లో గతించెను. విజయనగరమున వ్యాయామ శిక్షకుడుగా నుండి, పిమ్మట సర్కసు సంఘమును నడపి దేశమంతట తిరిగెను. ఉక్కు గొలుసును ఒంటికి చుట్టించుకొని ఊపిరి బిగబట్టి త్రెంచుట, కదలు మోటారు కార్లను పట్టి నిలుపుట, ఏనుగును రొమ్ముపై నెక్కించుకొనుట ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధములు. జనులు ఆయనను కలియుగ భీముడనిరి. ఆ కీర్తి ఊరక వచ్చినది కాదు. అయినను ప్రదర్శన వేరు, పోటీ వేరు. గొలుసు మందమెంత, కారు వేగమెంత అని కొలిచి ప్రక్కన మరొక మల్లునిచే అదే పని చేయించిన తీర్పరి అచ్చట లేడు. చూచినవారి ఆశ్చర్యమే ఆయనకు కొలబద్ద.

అదే ఉత్తరాంధ్రలో, శ్రీకాకుళము జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో 110, 130 చొప్పున మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్స్‌లో స్త్రీలకు బరువులెత్తు పోటీ పెట్టుట అదే మొదలు. ఒలింపిక్ పతకము పొందిన భారత స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. కడపటి యత్నమున ఆమె 137.5 కిలోలు కోరెను. అది నిలిచినచో స్వర్ణమే దక్కెడిది, నిలువలేదు.

శ్రోతలు ఈ తుది సంగతిని గమనింతురు గాక. మల్లీశ్వరి ఎత్తిన బరువే గాక, ఎత్తలేక పోయిన బరువు కూడ లిఖితమైనది. రామ్మూర్తి విజయములు మాత్రమే మనకు చేరినవి; ఏనాడైన గొలుసు తెగకపోయినదో లేదో ఎవరును వ్రాసి పెట్టలేదు. కావుననే నాటివారు మన కన్నులకు ఓటమి యెరుగనివారుగా కనబడుదురు. ఇది వారి తప్పు కాదు, నేటివారి లోపమును కాదు. జ్ఞాపకము మంచిని మిగుల్చుకొనును. లెక్క రెంటిని మిగుల్చును.

అయినచో లెక్కయే సర్వమా? బెర్లిన్ నగరమున 1936లో జెస్సీ ఓవెన్స్ నూరు మీటర్ల పరుగును 10.3 సెకండ్లలో ముగించి స్వర్ణము గెలిచెను. అదే క్రీడాంగణమున 2009లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. వ్యత్యాసము ముప్పాతిక సెకనుకు కొంచెము తక్కువ. కాని ఓవెన్స్ కాళ్ల క్రింద నున్నది బొగ్గుబూడిద పరచిన బాట. కాలు తన్నిపట్టుటకు పరుగు వీరులు చిన్న తాపీతో నేలలో గుంటలు త్రవ్వుకొనిరి. బోల్ట్‌కు కృత్రిమమైన బాటయు, కాలూను దిమ్మెలును ఉన్నవి. ఆ వ్యత్యాసములో కాలి బలమునకు చెందినదెంత, నేలకు చెందినదెంత అని విడదీయగల గడియారము లేదు.

క్రికెట్టులో ఈ చిక్కు మరింత పెరుగును. నాగపురమున తెలుగు కుటుంబములో 1895లో పుట్టిన సి.కె. నాయుడు భారత జట్టు తొలి టెస్టు నాయకుడు. ఆయన 7 టెస్టులలో చేసిన పరుగులు 350, సగటు 25. హైదరాబాదు వాడైన వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టులలో 8,781 పరుగులు చేసెను. సగటు దాదాపు 46. అంకెలే తీర్పు చెప్పినచో నాయుడు లక్ష్మణ్‌లో సగమువాడు. ఆ తీర్పు అన్యాయము. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానమున భారతదేశము తొలి టెస్టు ఆడునాటికే నాయుడు వయస్సు 36 యేండ్లు. 1936 వరకు మన దేశము ఆడినవే 7 టెస్టులు. అన్నిటను ఆయన ఆడెను. అంతకుముందు 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో ఆయన చేసిన 153 పరుగులు టెస్టు లెక్కలోనికి రావు. యౌవనమంతయు లెక్కకు వెలుపలనే గడచినది.

లక్ష్మణ్ పక్షమునను చెప్పవలసినది కలదు. 2001లో కలకత్తాలో, ఫాలోఆన్‌లో పడిన జట్టును 281 పరుగులతో నిలబెట్టినప్పుడు ఆయన ఎదుర్కొన్నది వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాను. నేటి ఆటగాని ప్రతి బలహీనతను ప్రత్యర్థులు చిత్రములలో మరల మరల చూచి పట్టుకొందురు. నాయుడునకు ఆ బాధ లేదు.

మద్రాసు తెలుగు కుటుంబమునకు చెందిన కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్పులో టెన్నిస్ ఆడి, 1936లో నలుబదియవ యేట టెస్టు క్రికెట్టులో అడుగిడెను. రెండు టెస్టులలో 170 పరుగులు, సగటు 56కు పైమాటే. ఒక్క ఆటకే బాల్యము నుండి అంకితము కావలసిన ఈ కాలమున అట్టి జోడు ప్రతిభకు తావు కరవైనది.

కాలము గడచిన కొలది ఆట తానై పెరుగునను భ్రమయు కూడదు. హైదరాబాదు శిక్షకుడు ఎస్.ఎ. రహీమ్ తీర్చిదిద్దిన భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందెను. 1960 తరువాత మన జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు అర్హతయే పొందలేదు. శిక్షణ, పోటీ, ఆదరణ తగ్గినచోట యేండ్లు గడచి ప్రయోజనమేమి?

ఇంతకు మించిన మాట యొకటి కలదు. నాటి మేటి ఆటగాండ్ర పట్టికలో ఉన్నవారు ఆడనిచ్చినవారిలో మేటివారు మాత్రమే. సగము జనాభాయైన స్త్రీలకు నాడు మైదానమే లేదు. ఈ అనంతపురము పల్లెసీమ నుండియే బారెడ్డి అనూష 2023లో భారత మహిళల జట్టులో చేరి బంగ్లాదేశ్‌పై ఆడినది. తాతగారి కాలమున అట్టి చేతివాటము గల బాలికలు ఈ సీమలో లేరనుకొందుమా? ఉండియుందురు, వేరుసెనగ చేలలో కలుపు తీయుచు ఉండియుందురు.

ఈ మాటలే మేము రచ్చబండ వద్ద చెప్పితిమి. తాత చాలసేపు మాటాడలేదు. తరువాత, “మా అక్క రాయి ఇసిరితే చింతచెట్టు చిటారుకొమ్మన కాయ రాలేది. నాకెప్పుడూ అంత గురి రాల్యా” అనెను. వాదము తెగినదని మేమనము. మనుమని ప్రయాణమునకు ఆయన ఒప్పుకొనెనో లేదో కూడ మాకు తెలియదు. కాని మేము లేచునప్పటికి ఆయన రామ్మూర్తి మాట విడిచి, శిక్షణకు పోయిన పిల్లలకు పూట పూటకు ఏమి పెట్టుదురని మనుమని అడుగుచుండెను. పూర్వులతో పోల్చి పిల్లలను చిన్నబుచ్చుట కంటె అది మేలైన ప్రశ్నయని మాకు తోచినది.