పొరుగువాళ్ల సైన్యం, సమితి ముద్ర

లైబీరియా రాజధాని మన్రోవియా రేవులో 1990 ఆగస్టు 24న దిగిన శాంతి దళానికి ఐక్యరాజ్యసమితి జెండా లేదు. భద్రతా మండలి తీర్మానమూ లేదు. నైజీరియా, ఘనా, గినియా, సియెర్రా లియోన్, గాంబియా సైనికులతో కూడిన ఆ దళం పేరు ఎకోమాగ్. దాన్ని పంపిన ఎకోవాస్ 1975లో ఆర్థిక సహకారం కోసం పుట్టిన పశ్చిమాఫ్రికా దేశాల సంస్థ. చార్లెస్ టేలర్ తిరుగుబాటుతో మొదలైన అంతర్యుద్ధం ఎనిమిది నెలలుగా లైబీరియాను కాల్చేస్తుంటే మండలి చూపంతా ఇరాక్ ఆక్రమించిన కువైట్ మీద ఉంది. శరణార్థులు వచ్చి పడుతున్నది మాత్రం గినియా, సియెర్రా లియోన్, ఐవరీకోస్ట్ ఊళ్ల మీద. ఆగి చూసే వెసులుబాటు పొరుగువాళ్లకు లేదు.

సమితి చార్టర్ చెప్పిన వరుస దీనికి తలకిందులు. 8వ అధ్యాయంలోని 52వ అధికరణ ప్రకారం స్థానిక తగాదాలను ముందు ప్రాంతీయ సంస్థలే సామరస్యంగా తీర్చాలి. బలప్రయోగం తప్పనప్పుడు మండలి అనుమతి ఉండి తీరాలని 53, చేసిందీ చేయబోయేదీ మండలికి తెలపాలని 54 చెబుతాయి. ఈ నిబంధనల వెనక పెద్ద పెనుగులాటే నడిచింది. ప్రపంచ శాంతిని ఖండాలవారీ మండళ్లకు అప్పగించాలని చర్చిల్ అభిప్రాయం. ఒకే ప్రపంచ సంస్థ ఉండాలని అమెరికా విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ పట్టు. 1945లో చార్టర్ రాసిన శాన్‌ఫ్రాన్సిస్కో సభ మొదలయ్యే వేళకే అరబ్ లీగ్ పుట్టింది, లాటిన్ అమెరికా దేశాలు మెక్సికోలో పరస్పర రక్షణ ఒప్పందం రాసుకున్నాయి. వీటో ఉన్న ఐదు దేశాల్లో ఒక్కటి అడ్డుపడితే తమ గతేమిటని ఆ దేశాలు నిలదీశాయి. ఆత్మరక్షణ హక్కును గుర్తించే 51వ అధికరణకు ఆ నిలదీతే ఊపిరి పోసింది.

ప్రచ్ఛన్న యుద్ధం ఈ ఏర్పాటును వాడుకున్న తీరు బాధ కలిగిస్తుంది. 1954 జూన్‌లో తమ దేశంపై దాడి జరుగుతోందని గ్వాటెమాలాలోని అర్బెన్జ్ ప్రభుత్వం మండలి తలుపు తట్టింది. అది అమెరికా ఖండాల సంస్థ చూసుకోవలసిన వ్యవహారమని అమెరికా వాదించింది. ఆ విషయాన్ని చర్చకు తీసుకోనే కూడదని మండలి 5-4 ఓట్లతో తేల్చింది. రెండు రోజుల్లో అర్బెన్జ్ రాజీనామా చేశాడు. ఆ దాడి వెనక ఉన్నది అమెరికాయే కాబట్టి, ప్రాంతీయ సంస్థ పేరు ఇక్కడ న్యాయానికి అడ్డుగోడ అయింది. 1965లో డొమినికన్ రిపబ్లిక్‌లోనూ అంతే. ముందు అమెరికా సైన్యం దిగింది, తర్వాత దానికి ప్రాంతీయ దళమనే పేరొచ్చింది. సమితి చేయగలిగింది భారత సేనాని మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ సలహాదారుగా గుప్పెడు మంది పరిశీలకులను పంపడమే.

లైబీరియాలో జరిగినదాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ఇక్కడ అగ్రరాజ్యం లేదు, ఉన్నవి పేద దేశాలు. అయినా వాటి చేతులూ పూర్తిగా శుభ్రం కావు. సైనికుల్లో, ఖర్చులో అధిక భాగం నైజీరియాది. ఆ దేశంలో అప్పుడు సైనిక పాలన. దళం దిగిన పక్షం రోజులకే లైబీరియా అధ్యక్షుడు శామ్యూల్ డోను ప్రత్యర్థులు ఎకోమాగ్ స్థావరంలోనే పట్టుకుని చంపేశారు. సైనికులే దోపిడీలకు పాల్పడ్డారన్న ఆరోపణలు చాలా వచ్చాయి. మండలి మొదటి తీర్మానం, 788, 1992 నవంబర్‌లో గానీ రాలేదు. ఆయుధాల రాకను నిషేధిస్తూ అది ఎకోవాస్ కృషిని మెచ్చుకుంది. 1993 సెప్టెంబర్‌లో సమితి పరిశీలక బృందం ఏర్పడింది. మరో సంస్థ అప్పటికే నడుపుతున్న శాంతి దళంతో కలిసి పనిచేయడానికి సమితి ఒక బృందాన్ని పంపడం అదే మొదటిసారి. సుమారు 300 మంది నిరాయుధ పరిశీలకులు రక్షణ కోసం ఎకోమాగ్ మీదే ఆధారపడాలి, అదే ఎకోమాగ్ నడతనూ గమనించాలి. ఆ ఇబ్బంది చివరిదాకా పోలేదు.

పదేళ్ల తర్వాత అదే నేల మీద పద్ధతి కుదిరింది. 2003 ఆగస్టులో ఎకోవాస్ సైనికులు ముందుగా దిగారు, ఈసారి మండలి అనుమతితో. అక్టోబర్ 1న వాళ్లే టోపీలు మార్చుకుని సమితి దళంలో కలిశారు. ఆ దళం 15,000 మంది సైనికుల స్థాయికి అనుమతి పొందింది. 2007లో అక్కడికి వెళ్లిన మన మహిళా పోలీసు దళం, సమితి చరిత్రలో పూర్తిగా మహిళలతో ఏర్పడిన తొలి పోలీసు దళం. 2018 మార్చిలో సమితి తన పని ముగించుకుని వెళ్లింది.

మన ప్రాంతంలో ఇలాంటి దారే లేదు. 1990 మార్చిలో, అంటే ఎకోమాగ్ దిగడానికి అయిదు నెలల ముందు, భారత దళం శ్రీలంక నుంచి తిరిగొచ్చింది. వెయ్యిమందికి పైగా సైనికులను పోగొట్టుకున్న ఆ ప్రయత్నం రెండు ప్రభుత్వాల ఒప్పందం మీద నడిచింది. దాని వెనక ప్రాంతీయ సంస్థ లేదు, సమితి లేదు. దక్షిణాసియా దేశాల సంస్థ సార్క్ నిబంధనావళి ద్వైపాక్షిక, వివాదాస్పద విషయాలను చర్చించనే కూడదంటుంది. ఆఫ్రికా దేశాలు తెగించి వేసిన అడుగును దక్షిణాసియా కాగితం మీదైనా వేయకపోవడం నాకు తీరని లోటుగానే కనిపిస్తుంది.

ఆ తెగింపుకు రువాండా మరింత పదును పెట్టింది. 1994 మారణహోమాన్ని సమితి ఆపలేదు, ఆఫ్రికా ఐక్యతా సంస్థా ఆపలేదు. దాని స్థానంలో వచ్చిన ఆఫ్రికన్ యూనియన్, మారణహోమం జరిగితే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కును 2000లో తన స్థాపక పత్రంలోనే రాసుకుంది. సూడాన్‌లోని డార్ఫర్‌లో 2007లో మంజూరైన ఉమ్మడి దళానికి సమితి, ఆఫ్రికన్ యూనియన్ రెండూ యజమానులే. ఇద్దరు యజమానుల కింద ఆజ్ఞలు ఆలస్యమయ్యాయి, సూడాన్ ప్రభుత్వం అడుగడుగునా అడ్డుపడింది. 2011లో లిబియా విషయంలో ఆఫ్రికన్ యూనియన్ సంధి ప్రతిపాదనను పక్కన పెట్టి నాటో బాంబుల వైపే మొగ్గింది. ఆ గాయం ఆఫ్రికా రాజధానుల్లో ఇంకా పచ్చిగానే ఉంది.

గాంబియా మాత్రం అన్నీ కలిసొచ్చిన సందర్భం. ఎన్నికల్లో ఓడిన యాహ్యా జమ్మే గద్దె దిగనన్నాడు. గెలిచిన ఆడమా బారో 2017 జనవరి 19న పొరుగున సెనెగల్‌లోని తమ రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశాడు. అదే రోజు మండలి 2337వ తీర్మానంతో ఎకోవాస్‌కు మద్దతిచ్చింది. సైన్యం సరిహద్దు దాటింది, మధ్యవర్తులు మాట్లాడుతూనే ఉన్నారు. 21న జమ్మే దేశం విడిచి వెళ్లాడు. అయితే అది మూడు వైపులా సెనెగల్ ఉన్న చిన్న దేశం. 2023లో నైజర్ సైనిక కుట్ర తర్వాత అదే ఎకోవాస్ దండెత్తుతామని హెచ్చరించి ఆగిపోయింది. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరిలో ఆ సంస్థ నుంచే తప్పుకున్నాయి.

ఇక మిగిలింది డబ్బు. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. సోమాలియాలో 2007లో మొదలైన ఆఫ్రికన్ యూనియన్ దళంలో ఉగాండా, బురుండీ, ఇథియోపియా, కెన్యా సైనికులు అల్ షబాబ్ తీవ్రవాదులతో పోరాడి పెద్ద సంఖ్యలో చనిపోయారు. వాళ్ల భత్యాలు చాలావరకు ఐరోపా సమాఖ్య దయమీద నడిచాయి. 2016లో ఆ సాయంలో కోత పడింది. ఆఫ్రికన్ యూనియన్ దళాల ఖర్చులో 75 శాతం దాకా సమితి సభ్యదేశాల చందాల నుంచి ఇవ్వవచ్చని 2023 డిసెంబర్ 21న మండలి 2719వ తీర్మానంలో ఒప్పుకుంది. ఏడాది తిరిగేసరికి సోమాలియాలో కొత్త దళానికి మండలి అనుమతిచ్చింది. దానికి ఆ తీర్మానం కింద డబ్బివ్వడం అమెరికాకు సమ్మతం కాలేదు, ఓటింగ్‌కు దూరంగా ఉంది. దళం పని మొదలుపెట్టింది, ఖర్చు ఎవరు పెట్టుకుంటారో తేలకుండానే.