కదలికను లెక్కకట్టిన అణువైద్యం

ఫోటో తీయువాడు "కదలకండి" అని హెచ్చరించుట మనమెరిగినదే. అతనికి సెకనులో చిన్న భాగం చాలును. అణువైద్యంలో అట్లు కాదు. రోగి శరీరంలోనికి స్వల్పంగా ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం నుండి వెలువడే గామా కిరణాలను నిమిషాల తరబడి లెక్కించి బొమ్మను కూర్చవలెను. అంతసేపు ఊపిరి బిగబట్టుట ఎవరి తరము? గుండెను నిలుపుట అసలే పొసగదు.

1950 ప్రాంతంలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో బెనెడిక్ట్ కాసెన్ ఒక యంత్రాన్ని నిర్మించాడు. థైరాయిడ్ గ్రంథిలో చేరిన అయొడిన్-131ను అది నాగటిచాళ్ల వలె వరుస వెంట వరుసగా వెదకేది. రోగి మధ్యలో జరిగితే పై చాళ్లకు, క్రింది చాళ్లకు పొంతన కుదరదు. 1957లో బర్క్లీలో హాల్ ఆంగర్ రూపొందించిన కెమేరా తన ఎదుటి భాగాన్నంతటినీ ఒక్కసారిగా చూడగలిగినది. దానితో బొమ్మ తెగిపోవుట తప్పినది గాని, మసక తొలగలేదు. శ్వాసతో కాలేయం పైకి క్రిందికి జరుగుతూనే ఉన్నది.

కదలికను ఆపలేనప్పుడు, అది ఏ క్షణాన జరిగినదో గుర్తించవచ్చును గదా! 1971లో అమెరికాలో స్ట్రౌస్, జారెట్ మొదలైనవారు చేసిన పని ఇదే. ఈసీజీ సంకేతాన్ని కెమేరాకు జోడించి, గుండె ముడుచుకొన్న క్షణాల కిరణాలను ఒక బొమ్మలోను, విప్పారిన క్షణాల కిరణాలను మరొక బొమ్మలోను చేర్చారు. రెంటినీ పోల్చి, ఎడమ జఠరిక ఒక్కొక్క స్పందనలో తనలోని రక్తంలో ఎంత భాగాన్ని వెలుపలికి నెట్టుచున్నదో లెక్కకట్టారు. అంతవరకు ఆటంకమైన కదలికయే వైద్యునికి సమాచారమైనది.

1998లో పిట్స్‌బర్గ్‌లో పెట్, సీటీ యంత్రాలను ఒకటిగా కూర్చిన నమూనా వాడుకలోనికి వచ్చినది. దానితో మరొక చిక్కు కలిగినది. సీటీకి కొద్ది సెకనులు చాలును. పెట్‌కు నిమిషాలు కావలెను. రెంటిలో శ్వాసదశ వేరైతే, కాలేయపు పైభాగంలోని కంతి ఊపిరితిత్తిలో ఉన్నట్లు తోచవచ్చును. 2002లో న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్ పరిశోధకులు శ్వాసదశలను వేరుచేసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పరీక్షించగా, కంతి పరిమాణం తగ్గి, దాని తీవ్రత హెచ్చి కనిపించినది. అయితే ఒక దశ కిరణాలనే ఎంచుకొంటే లెక్క తగ్గి బొమ్మ నాణ్యత చెడును. లేదా పరీక్షాకాలం పెంచవలెను.

ఇంత గణితమున్నా, రోగి మోకాళ్ల క్రింద పెట్టే దిండుకు విలువ తగ్గలేదు. గుండె పరీక్షలో రోగి జరిగితే, ఆరోగ్యమైన కండరంలో లేని లోపం కనిపించవచ్చును. దానిని నమ్మి అతనిని అనవసరపు పరీక్షలకు పంపుట సంభవమే. అందుచేత రోగి బల్ల దిగకముందే బొమ్మలను సినిమా వలె వరుసగా నడిపి చూడవలెను. జరిగినట్లు తేలితే మరల తీయుట మేలు.