వాతావరణ సూచన ఎవరి సొత్తు?

విజ్ఞానశాస్త్ర చరిత్రను మేధావుల జీవితచరిత్రగా చెప్పుకోవడం మనకు అలవాటయింది. ఒక విషయాన్ని కనిపెట్టినదెవరో చదువుతాం. అది ఎవరికి అందిందో, ఎవరికి అందకుండా పోయిందో అడగం. వాతావరణ సూచన చరిత్రలో యీ రెండో ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం.

1859 అక్టోబరులో 'రాయల్ చార్టర్' అనే ఓడ వేల్స్ తీరాన తుపానుకు బద్దలై సుమారు 450 మంది చనిపోయారు. అప్పటి బ్రిటిషు వాతావరణ శాఖాధిపతి ఫిట్జ్‌రాయ్. డార్విన్ ప్రయాణించిన 'బీగిల్' నౌకకు కెప్టెనుగా వున్నవాడే. ఆయన తీరప్రాంతాలనుంచి గాలి, పీడనాల వివరాలు టెలిగ్రాఫు ద్వారా తెప్పించి, 1861 ఫిబ్రవరినుంచి రేవుల్లో ప్రమాద సంకేతాలు ఎగరవేయించాడు. ఆ ఆగస్టు 1న 'టైమ్స్' పత్రికలో మొదటి సూచన అచ్చయింది. సర్కారు కచేరీకి చేరే అంకెల సారం పత్రిక చదివే ప్రతివాని చేతికీ వచ్చింది.

సూచనలు తరచు తప్పేవి. ఎగతాళి పెరిగింది. 1865లో ఫిట్జ్‌రాయ్ ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత గాల్టన్ నాయకత్వాన కూర్చున్న సంఘం యిది యింకా పక్వమైన శాస్త్రం కాదని తేల్చింది. 1866లో సూచనలూ, హెచ్చరికలూ ఆగిపోయాయి. సంఘం విమర్శలో నిజం లేకపోలేదు. అయితే శాస్త్రం అసంపూర్ణమైతే దాని లోపాన్ని కూడా ప్రజలకు చెప్పాలి గాని, శాస్త్రాన్నే దాచవచ్చునా? సముద్రాన్ని నమ్ముకున్నవారి తీర్పు వేరు. రేవులనుంచి వచ్చిన వొత్తిడివల్ల 1867లోనే హెచ్చరికలు తిరిగివచ్చాయి. రోజువారీ సూచన మళ్ళీ పత్రికలకెక్కడానికి 1879 దాకా పట్టింది.

ఆ కాలంలోనే మన తీరం సంగతి చూడండి. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుపానులు ముంచెత్తాయి. బందరు ప్రాంతంలో దాదాపు 30,000 మంది పోయారని అంచనా. మరుసటి యేడు హెచ్చరికల ఏర్పాటు జరిగింది కలకత్తా రేవుకు! అక్కడ పోయిన ప్రాణాలు యింకా ఎక్కువే. కాని సామ్రాజ్యం ముందుగా లెక్క చూసుకున్నది వర్తకపు ఓడలనే అనడానికి సందేహించనక్కరలేదు. భారత వాతావరణ శాఖ 1875లో గాని పుట్టలేదు. శతాబ్దం గడిచాక, 1977 నవంబరు 19న, హెచ్చరికలు వెలువడినా దివిసీమలో సుమారు 10,000 మంది వుప్పెనకు బలయ్యారు. వెలువడడం వేరు, అందడం వేరు.

హెచ్చరిక ఒక్కటే అందితే చాలదు; దానికి ఆధారమైన కొలతలు కూడా అందాలి. ప్రపంచ వాతావరణ సంస్థ 1995లో అత్యవసరమైన కొలతలను దేశాలు ఉచితంగా పంచుకోవాలని తీర్మానించి, మిగతావాటికి షరతులు పెట్టే వీలు వుంచింది. 2021 తీర్మానం యీ పరిధిని విస్తరించింది. యిది శాస్త్రజ్ఞుల వ్యవహారం మాత్రమే కాదు. వాన కొలతనుబట్టి పరిహారం నిర్ణయించే పంటల బీమా మన దేశంలో వుంది. ఆ కొలత ఎక్కడ, ఎప్పుడు, ఎంత నమోదయిందో రైతుకు తెలియకపోతే, తన చేను ఎండిన సంగతిని అతడు దేనితో రుజువు చేసుకోవాలి? వానమాపకం ప్రజల డబ్బుతో పెట్టినది. అది చూపే అంకె ఆ రోజే, తెలుగులో, పైసా ఖర్చు లేకుండా వూరికి తెలియాలని విద్యార్థి, రైతు సంఘాలు అడగవలసిన సమయం యిది.