స్టీరింగ్ సర్వో విద్యుత్ సరఫరా లోపాలు

స్టీరింగ్ సర్వో అనగా రేడియో తరంగాల ద్వారా దూరం నుండి నడిపే చిన్న విద్యుత్ కార్లలో ముందు చక్రాలను కుడి ఎడమలకు త్రిప్పే పరికరం. వాడుకలో దీనిని 'సర్వో' అని మాత్రమే అంటారు. చక్రాలు నెమ్మదిగా తిరగడం, వణకడం, మలుపు మధ్యలో బండి చెప్పిన మాట వినకపోవడం వంటివి కనిపించినపుడు సర్వో చెడిపోయిందని భావించి క్రొత్తది తెప్పించడం పరిపాటి. తీరా చూస్తే తప్పు చాలాసార్లు సర్వోలో గాక, దానికి అందే విద్యుత్తులో ఉంటుంది. పెద్ద నగరాలకు దూరంగా, పొందూరు వంటి ఊళ్ళలో ఉండేవారికి విడిభాగాలు తపాలాలో రావలసినవే గనుక, కొనే ముందు లోపమెక్కడో తేల్చుకోవడం లాభదాయకం.

ఇది కేవలం ఖర్చుకు సంబంధించిన విషయం కాదు. 2 కిలోల బండి గంటకు 50 కి.మీ. వేగంతో అదుపు తప్పితే, దాని తాకిడి అదే బరువు సుమారు 10 మీటర్ల ఎత్తు నుండి పడినదానితో సమానం. చుట్టూ చేరి చూసేవారిలో పిల్లలే ఎక్కువ.

నేపథ్యం

రేడియోతో వాహనాన్ని నడపడం పాత ఆలోచనే. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇటువంటి చిన్న పడవను ప్రదర్శించాడు. జపానుకు చెందిన టమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో తన మొదటి రేడియో నియంత్రిత విద్యుత్ కారును విడుదల చేసింది. ఆ తరం కార్లలో రిసీవరుకు, సర్వోలకు విడిగా నాలుగు చిన్న సెల్లులు ఉండేవి. తరువాత మోటారు బ్యాటరీ నుండే వీటికి కూడా విద్యుత్తునిచ్చే ఏర్పాటు వచ్చింది. సెల్లుల అవసరాన్ని తొలగించింది కనుక దీనికి 'బ్యాటరీ ఎలిమినేటర్ సర్క్యూట్' అని పేరు, క్లుప్తంగా బి.ఇ.సి. అంటారు. ఇది సాధారణంగా మోటారు వేగాన్ని నియంత్రించే స్పీడ్ కంట్రోలరులోనే ఇమిడి ఉంటుంది. బండి తేలికయింది, కాని మోటారు, రిసీవరు, సర్వో మూడూ ఒకే బ్యాటరీపై ఆధారపడ్డాయి. ఇక్కడ చెప్పబోయే చిక్కులలో అధిక భాగం దాని ఫలితమే.

పనిచేయు విధానం

సర్వో లోపల ఒక చిన్న డి.సి. మోటారు, పళ్ళ చక్రాల వరుస, ఇరుసు ఏ కోణంలో ఉన్నదో తెలిపే పొటెన్షియోమీటరు, ఒక నియంత్రణ పలక ఉంటాయి. బయటకు మూడు తీగలు వస్తాయి. నలుపు లేదా గోధుమ రంగుది ఋణ ధ్రువం, ఎరుపుది ధన ధ్రువం. తెలుపు, పసుపు లేదా నారింజ రంగుది సంకేతం. సంకేతం సుమారు 1 నుండి 2 మిల్లీసెకన్ల నిడివి గల స్పందన. సెకనుకు సుమారు 50 సార్లు వస్తుంది. 1.5 మిల్లీసెకన్లకు చక్రాలు తిన్నగా ఉంటాయి.

సంకేత తీగ ఏ కోణమో మాత్రమే చెబుతుంది. చక్రాన్ని త్రిప్పే బలమంతా ఎర్రతీగ నుండి రావలసిందే. ఖాళీగా ఉన్నపుడు సర్వో తీసుకొనే విద్యుత్తు స్వల్పం. చక్రం రాతికి తట్టి ఆగిపోయినా, ఇసుకలో కూరుకున్నా అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిన్న సర్వోలకు 1 ఆంపియరు లోపు సరిపోవచ్చు. అధిక బలం గల లోహపు పళ్ళ సర్వోలు కదలకుండా బిగుసుకున్నపుడు 2.5 ఆంపియర్లు, అంతకు మించి కూడా లాగుతాయి. బి.ఇ.సి. అంత ఇవ్వలేకపోతే వోల్టేజి పడిపోతుంది. పొలంలో పంపుసెట్టు వేయగానే ఇంట్లో దీపం మసకబారడం పల్లెవాసులకు తెలిసినదే. ఇక్కడ జరిగేదీ అదే, కాకపోతే మసకబారేది రిసీవరు.

పాత 27 మెగాహెర్ట్‌జ్ రిసీవర్లు ఇటువంటపుడు కొద్దిగా వణికి సర్దుకొనేవి. భారతదేశంలో 2005లో లైసెన్సు అవసరం లేకుండా చేసిన 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో పనిచేసే రిసీవర్లలో చిన్న కంప్యూటరు ఉంటుంది. వోల్టేజి ఒక హద్దు దిగువకు (అనేక నమూనాలలో 3.5 వోల్టుల ప్రాంతం) పోతే అది ఆగి, మళ్ళీ మొదటి నుండి మొదలై, ట్రాన్స్‌మిటరుతో సంబంధం కలుపుకోవాలి. ఆ కొద్ది క్షణాలలో బండికి యజమాని లేనట్లే.

లోపాన్ని గుర్తించడం

పరీక్షకు ముందు బండిని దిమ్మెపై ఉంచి నాలుగు చక్రాలూ గాలిలో ఉండేలా చూడాలి. వీలైతే మోటారు ఇరుసుకున్న చిన్న పళ్ళ చక్రాన్ని విడదీయడం ఇంకా మంచిది.

మొదట లక్షణాన్ని గమనించాలి. స్టీరింగును పూర్తిగా త్రిప్పినపుడు గాని, వేగం పెంచినపుడు గాని రిసీవరు దీపం ఆరి వెలిగితే సరఫరా లోపమని దాదాపు నిశ్చయించవచ్చు. మోటారు తిరిగినంతసేపు మాత్రమే సర్వో వణుకుతూ, వోల్టేజి నిలకడగా ఉంటే అది మోటారు బ్రష్షుల నుండి పుట్టే విద్యుత్ రొద కావచ్చు. మోటారు కొసల వద్ద 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు ఊడిపోయాయేమో చూడాలి. ఈ రెండింటినీ ఒకటిగా భావించి తికమకపడేవారు ఎక్కువ.

తరువాత మల్టీమీటరుతో రిసీవరులో ఖాళీగా ఉన్న గూడు వద్ద ఎరుపు, నలుపు తీగల స్థానాల మధ్య వోల్టేజి కొలవాలి. సాధారణంగా 5 లేక 6 వోల్టులు ఉండాలి. ఇప్పుడు బండిని నేలపై ఉంచి, కదలనివ్వకుండా స్టీరింగును అటూ ఇటూ త్రిప్పుతూ మళ్ళీ చూడాలి. అంకె కిందికి దిగితే లోపం దొరికినట్లే. దిగకపోయినంత మాత్రాన నిర్దోషమని అనుకోరాదు. సాధారణ మల్టీమీటరు మెల్లగా చదువుతుంది, కొన్ని మిల్లీసెకన్ల పతనం దాని కంటికి ఆనదు. కనిష్ఠ విలువను పట్టి ఉంచే సదుపాయం ఉన్న మీటరు కొంత మేలు, ఆసిలోస్కోపు ఉత్తమం.

ఆసిలోస్కోపు లేనివారికి ఇంకొక ఉపాయం ఉన్నది. నాలుగు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులను వరుసగా కలిపి (4.8 వోల్టులు) రిసీవరుకు ఇవ్వాలి. ముందుగా స్పీడ్ కంట్రోలరు నుండి వచ్చే ఎర్రతీగను మాత్రం విడదీయడం మరువరాదు, లేనిచో రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి తలపడతాయి. లక్షణం మాయమైతే దోషం బి.ఇ.సి.ది. అలాగే ఉంటే సర్వోను, తీగలను, కడ్డీలను చూడాలి. సర్వో చేతిని కడ్డీ నుండి విప్పి చక్రాలను చేత్తో త్రిప్పి చూస్తే బిగువు ఎక్కడుందో తెలుస్తుంది. కళింగపట్నం, భీమిలి వంటి తీరాల ఇసుకలో నడిపిన బండిలో ఉప్పుగాలికి ప్లగ్గుల లోపలి లోహం పాచిపట్టి అవరోధం పెరగవచ్చును. ఖర్చులేని ఈ పరీక్షను ముందే చేయడం వివేకం.

సవరణలు

చక్రాలు చివరికంటా తిరిగి ఆగిపోయిన తరువాత కూడా సర్వో గుయ్యిమంటూ నెడుతుంటే, ట్రాన్స్‌మిటరులో తిరుగుడు హద్దును తగ్గించాలి. ఈ ఒక్క సర్దుబాటుతోనే సమస్య తీరిన సందర్భాలు ఉంటాయి.

లీనియర్ రకం బి.ఇ.సి. మిగులు వోల్టేజిని వేడిగా మారుస్తుంది. రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండుగా ఉన్నపుడు 8.4 వోల్టులు. దానిని 5 వోల్టులకు దించి 2 ఆంపియర్లు ఇస్తే 6.8 వాట్ల వేడి పుడుతుంది. మూడు సెల్లులకు (12.6 వోల్టులు) అది 15.2 వాట్లు; ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడికి ఇంచుమించు సరిసమానం. బండి పదినిమిషాలు బాగా నడిచి, ఆపై మొరాయించడానికి ఇది ఒక కారణం. ఇటువంటి చోట 5 ఆంపియర్లకు తగ్గని, స్విచింగ్ రకం బి.ఇ.సి.ని విడిగా అమర్చి, పాతదాని ఎర్రతీగను తొలగించి చివరకు టేపు చుట్టాలి. నలుపు, సంకేత తీగలు అలాగే ఉండాలి.

రిసీవరు ఖాళీ గూటిలో 2200 నుండి 4700 మైక్రోఫారడ్ల, 10 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరును పెట్టడం మరొక పద్ధతి. రేడియో, టీవీ మరమ్మతు దుకాణాలలో ఇవి దొరుకుతాయి. ధన ఋణాలు తారుమారైతే కెపాసిటరు పగిలే ప్రమాదం కలదు. ఇది క్షణకాలపు లోటును పూడ్చగలదే తప్ప, అసలు చాలని సరఫరాను చాలేలా చేయలేదు.

6 వోల్టుల సర్వోను రెండు సెల్లుల లిథియం బ్యాటరీకి నేరుగా కలపడం తగదు. అధిక వోల్టేజి సర్వోలని ప్రత్యేకంగా అమ్మేవి మాత్రమే 7.4 లేదా 8.4 వోల్టులకు తట్టుకుంటాయి.

ఫెయిల్‌సేఫ్

సంకేతం తెగినపుడు మోటారు దానంతట అదే ఆగేలా రిసీవరులో ముందుగా నిర్ణయించి ఉంచే సదుపాయాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. చక్రాలు గాలిలో ఉండగా మెల్లగా మోటారును తిప్పుతూ ట్రాన్స్‌మిటరును ఆపివేసి దీనిని పరీక్షించవచ్చు. అయితే సంకేతం తెగినా రిసీవరుకు విద్యుత్తు అందుతూ ఉంటేనే ఇది పనిచేస్తుంది. వోల్టేజి పడిపోయి రిసీవరే ఆగిపోయినపుడు బండి ఆగడం స్పీడ్ కంట్రోలరు తయారీపై ఆధారపడి ఉంటుంది. కనుక అదే పరీక్షను, స్పీడ్ కంట్రోలరు సంకేత తీగను రిసీవరు నుండి ఊడదీసి మరొకసారి చేయాలి.