పాత పెట్రోల్ ట్యాంకులు: భూగర్భజల కాలుష్య పరిశోధన

మూతపడిన పెట్రోల్ బంకులు, డిపోలు, ఫ్యాక్టరీల ఆవరణలో నేలలో పాతిన ఇంధన ట్యాంకులు కారాయా, కారితే బావులు, బోర్ల నీటిలోకి ఆ చమురు ఎంత దూరం చేరిందో తేల్చే పరిశోధన ఇది. ఉక్కు ట్యాంకు తుప్పుపట్టినా, పైపు అతుకు వదులైనా పైన నేల ఎప్పటిలాగే కనిపిస్తుంది. అమెరికాలో ఇలాంటి ట్యాంకుల కోసం 1984లో చట్టం తెచ్చాక బయటపడ్డ లీకులు 5 లక్షలకు పైమాటే. మన దగ్గర పేరుపడ్డది ట్యాంకు కాదు, పైపులైను: 2013లో చెన్నై తండయార్‌పేటలో ఇళ్ల బోర్లలో నీళ్లతోపాటు చమురు వచ్చింది. ఆ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్‌దాకా వెళ్లింది.

పని కాగితాలతో మొదలవుతుంది. బంకులో రోజూ పొద్దున ట్యాంకులో డిప్ రాడ్ దించి, తడిసిన గీత చూసి నిల్వ రాస్తారు. రాడ్ కొసకు పూసిన పేస్టు రంగు మారితే అడుగున నీళ్లు చేరినట్టే. పాత రిజిస్టరులో అమ్మకానికీ నిల్వకూ నెలల తరబడి పొంతన కుదరకపోతే అదే మొదటి ఆధారం. ట్యాంకు ఏ మూల ఉండేదో, తీసి తుక్కుకు అమ్మారో, ఇసుక పోసి పూడ్చారో అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్లను అడగాలి. ఈ ఆరా వదిలేసి యంత్రాలు దించితే డబ్బు దండగ.

పెట్రోలు నీటికన్నా తేలిక, పైన తేలుతుంది. అందులోని బెంజీన్ మాత్రం కొంత నీటిలో కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ముక్కుకు వాసన తగలాలంటే అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. కాబట్టి వాసన రాకపోవడం నీళ్లు మంచివనడానికి రుజువు కాదు. తెలంగాణలో మిషన్ భగీరథ పథకం నీళ్లు ఇంటికొచ్చాక బోరునీళ్లు ఎక్కువగా పొలానికే పోతున్న ఊళ్లలో, వాసన వచ్చినా పట్టించుకునేవాళ్లు తక్కువ.

రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట లాంటి గ్రానైటు నేలల్లో ఈ పరిశోధన మరీ చిక్కు. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, అడుగున గట్టి రాయి. మొరంలో చమురు స్పంజిలో నీరులా ఇంకి నిలుస్తుంది. రాతిలోకి దిగితే పగుళ్ల వెంటే నడుస్తుంది. ఇసుక నేలలో మూడు బావుల నీటిమట్టాలు కొలిస్తే ప్రవాహం ఎటో దాదాపు తెలిసిపోతుంది. రాతినేలలో ఆ లెక్క తప్పవచ్చు. ట్యాంకు పక్క బోరు శుభ్రంగా ఉండి, అదే పగులు తగిలిన దూరపు బోరు చెడిపోవచ్చు. పొలంలో గట్టిగా మోటారు నడిస్తే కాలుష్యం అటు మళ్లుతుంది. అందుకే చుట్టుపక్కల ఏ మోటారు ఎన్ని గంటలు నడుస్తుందో కూడా రాసుకోవాలి.

ఎల్లంతకుంట మండలంలోని అనంతగిరి దగ్గర అన్నపూర్ణ జలాశయం, జిల్లాలోనే మధ్యమానేరు నిండాక ఈ ప్రాంతంలో నీటిమట్టం పైకొచ్చింది. రైతుకు మేలే గానీ పరిశోధకుడికి కొత్త చిక్కు. కరువు రోజుల్లో మొరంలో చిక్కుకున్న చమురు ఇప్పుడు నీట మునుగుతుంది. బావిలో తేలే పొర కనబడదు, ఎండాకాలం మట్టం దిగితే మళ్లీ తేలవచ్చు. ఒక్కసారి చూసి బాగుందని రాసేయడం సరికాదు. వానలు వెలిశాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి నమూనా తీయాలి.

నమూనా తీయడమూ నేర్పున్న పనే. కంప్రెసర్ గాలితో బోరు వేసినప్పుడు బెంజీన్ ఆవిరై పోతుంది, కాబట్టి ఆ రోజు నీళ్లు పనికిరావు. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను అంచుదాకా నింపి, మూతపెట్టాక తలకిందులు చేసి చూస్తారు. బుడగ కనబడితే మళ్లీ నింపాల్సిందే. తర్వాత ఐసుపెట్టెలో ల్యాబుకు పంపుతారు. చమురు వాసన గట్టిగా వస్తున్న బావి దగ్గర మోటారు స్విచ్చి వేయకూడదు. ఒక్క నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకోవడానికి.