భిలాయి కొలిమి, బస్తర్ కార్చిచ్చు

ఛత్తీస్‌గఢ్ అటవీ శాఖ లెక్కలో ఫిబ్రవరి నడిమి నుంచి జూన్ నడిమి వరకు కార్చిచ్చుల కాలం. ఆ నాలుగు నెలల్లో అడవిలో ఎక్కడ పొగ లేచినా, మొదటి అనుమానం ఇప్పపువ్వు ఏరుకునే ఆదివాసీ మీదికే పోతుంది. ఆ ఆరోపణలో నిజం లేకపోలేదు. రాలిన పువ్వు కంటికి కనబడాలని చెట్టు కింది ఎండుటాకులను తగలబెట్టడం, లేత తునికాకు చిగురించాలని పొదలకు నిప్పు పెట్టడం అక్కడ పాత అలవాట్లే. గాలి తిరిగిందంటే ఆ చిన్న మంట అడవికి అంటుకుంటుంది. అయితే అగ్గిపుల్ల గీసిన చేతిని మాత్రమే చూసి, అడవి భూమిని ఎవరు దేనికి వాడుకున్నారో చూడకపోతే చరిత్రను సగమే చదివినట్టు. మిగతా సగం భిలాయిలో ఉంది.

నిప్పును నేరంగా మార్చిన చరిత్ర ఉక్కు కంటే పాతది. 1860లలో సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని బోరీ అడవిలో పియర్సన్ అనే బ్రిటిష్ అధికారి అగ్ని నివారణను అమలు చేసి చూపాడు. రైలు పట్టాల కింద వేసే దిమ్మెలకు టేకు, సాల కలప కావాలి. ఆ కలపకు నిప్పు శత్రువు. 1878 అటవీ చట్టం, ఆ తరువాత 1927 చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని శిక్షార్హం చేశాయి. పోడు కొట్టుకుని బతికేవాడు ఆ విధంగా నేరస్థుడయ్యాడు. బస్తర్ సంస్థానంలో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలన్న ప్రతిపాదన 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు ప్రధాన కారణాల్లో ఒకటి. గుండా ధుర్ పేరు అప్పటి నుంచే జనం నోట నిలిచింది. పోడుపై ఆంక్షలు 1922లో మన్యాన్ని ఎలా రగిలించాయో తెలిసిన తెలుగు పాఠకులకు ఈ కథ కొత్త కాదు.

స్వాతంత్ర్యం తరువాత అడవి యజమాని మారలేదు, అవసరం మారింది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు అప్పటి లక్ష్యం. దుర్గ్ పరిసరాల వరి పొలాల మీద కర్మాగారం, టౌన్‌షిప్ లేచాయి. ఉపాధి కోసం తరలివచ్చిన వేలాది కుటుంబాల్లో తెలుగువారూ ఉన్నారు. సున్నపురాయికి నందిని, ఇనుప ఖనిజానికి దల్లీ రాజహరా. భారత రైల్వే పట్టాల్లో అత్యధిక భాగం భిలాయిలో తయారైనవే. దేశ నిర్మాణంలో దాని పాత్రను తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ ఆ నిర్మాణపు ఖాతాలో కోల్పోయిన అడవికి పద్దు రాయలేదు.

ఆ పద్దును అడిగినవారు గని కార్మికులే. 1977లో దల్లీ రాజహరాలో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో కాంట్రాక్టు కార్మికులు సంఘం కట్టారు. కూలి, యంత్రీకరణలతో పాటు ఆ ఉద్యమం నీటినీ అడవినీ తన సమస్యలుగానే చూసింది. కార్మికుడి ఎరుపు, రైతు ఆకుపచ్చ కలిసిన జెండా ఆ అవగాహనకు గుర్తు. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తున్న నియోగిని కాల్చి చంపారు. ఆ రెండు రంగులనూ ఒకే జెండా మీదికి తెచ్చిన రాజకీయం ఆ తరువాత బలహీనపడింది.

దల్లీ రాజహరాలో నిల్వలు తరిగేకొద్దీ భిలాయి చూపు దక్షిణాన కాంకేర్, నారాయణ్‌పూర్ జిల్లాల్లోని రావ్‌ఘాట్ కొండల వైపు మళ్లింది. అక్కడికి దల్లీ రాజహరా నుంచి 95 కిలోమీటర్ల రైలు మార్గం మొదలైంది. ఒకప్పుడు రైలు కోసం అడవిని కాపాడారు. ఇప్పుడు రైలు కోసమే అడవిని చీలుస్తున్నారు.

అడవిని చీల్చితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. తడి ఆరని వర్షారణ్యం తనంతట తానుగా అంత సులభంగా కాలదు. అమెజాన్‌లో రోడ్ల వెంబడి, పశువుల మేత భూముల అంచుల్లో ఎండ లోపలికి దిగి నేల తేమ ఆరింది. ఇండొనేషియాలో తోటల కోసం కాలువలు తవ్వి పీట్ నేలలను ఎండబెట్టారు. 1997లో ఎల్ నినో కరువు రాగానే ఆ నేలలే నెలల తరబడి కాలాయి. భూ వినియోగం తలుపు తెరిచింది, కరువు లోపలికి వచ్చింది.

బస్తర్‌వి వర్షారణ్యాలు కావు, ఆకురాల్చే అడవులు. వేసవికి ముందే నేల మీద ఎండుటాకు పరుచుకుంటుంది, కాబట్టి ఇక్కడ ఆ తలుపు ఎప్పుడూ ఓరగానే ఉంటుంది. 2022 మార్చి దేశంలో 122 ఏళ్ల రికార్డుల్లో అత్యంత వేడి మార్చి. ఏప్రిల్‌లో మధ్య భారతం కూడా అలాంటి రికార్డునే చూసింది. ఇప్పపువ్వు రాలే నెలలు అవే. తాతల కాలంలో చెట్టు కిందే ఆరిపోయిన మంట, ఇంత వేడిలో అక్కడితో ఆగుతుందన్న భరోసా లేదు. ఆ వేడికి ఉక్కు పరిశ్రమ వాటా చిన్నది కాదు. బొగ్గుతో నడిచే ఫర్నేస్‌లో టన్ను ఉక్కు తీస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అలాగని రావ్‌ఘాట్ గని వల్లే ఫలానా మంట చెలరేగిందని ఎవరూ చెప్పలేరు. చట్టం బలహీనత కూడా అక్కడే ఉంది. అగ్గిపుల్ల గీసినవాడికి పేరు ఉంటుంది, ఉష్ణోగ్రతకు ఉండదు.

నిప్పుకు ప్రత్యామ్నాయం లేకపోలేదు. ఇప్పచెట్టు కింద వల కడితే ఆకులు కాల్చే పని లేదు. ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల ఇది జరుగుతోంది. తునికి పొదలను నరికినా చిగురు వస్తుంది. ఇవి ఊరూరా నిలవాలంటే అడవి మీద ఊరికి హక్కు ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ కాపలా అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. అడవిని గనులకు మళ్లించే ముందు గ్రామసభ సమ్మతి ఉండాలని 2009లో కేంద్రం ఆదేశించింది. 2022 నిబంధనలు మాత్రం హక్కుల పరిష్కారాన్ని, కేంద్రం అనుమతి ఇచ్చేశాక రాష్ట్రం చూసుకునే పనిగా మార్చాయి.

మంట ఆర్పడానికి ఊరు కావాలి, భూమి ఇవ్వడానికి ఊరితో పనిలేదు అన్నదే ఈ విధానం సారం. తనది కాని అడవికి ఎవరూ రాత్రిళ్లు మేల్కొని కాపలా కాయరు. భిలాయికి ఖనిజం కావాలంటే ముందుగా అడగవలసింది ఆ ఊరినే.